మా ఇంటి శిలాశాసనం

పెళ్లయిన కొత్తలో భార్యను ఎక్కడికి తీసుకువెళతారండీ ఎవరైనా? సినిమాకి తీసుకువెళతారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్లయితే ఊటీకో, కొడైకెనాల్‌కో తీసుకువెళతారు. మావారు నన్ను ఎర్రగుడికి తీసుకువెళ్లారు.

పేరులో గుడి ఉంది కదా, ఏదో అమ్మవారి గుడి కాబోలు అనుకుని నేను పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయా అరటిపళ్లూ సంచిలో పెట్టుకుని మరీ బయల్దేరాను. అప్పట్లో ఆయన గుత్తిలో హిస్టరీ లెక్చరరు. పత్తికొండ వైపు వెళ్లే బస్సెక్కి, దిగి, ఎండలో నడిచి వెళితే గుడీ లేదు, గోపురమూ లేదు. మిట్ట మీద మాడుతున్న పెద్ద పెద్ద బండరాళ్లు. వాటి మీద అడ్డగీతలూ నిలువుగీతలూ, అగ్గిపుల్లలు పేర్చినట్టు ఏవో అక్షరాలు.

"అశోక చక్రవర్తి శాసనాలోయ్! పధ్నాలుగు పెద్ద శాసనాలూ ఇక్కడున్నాయి. ఎక్కడి పాటలీపుత్రం, ఎక్కడి కర్నూలు జిల్లా!" అని ఆయన పొంగిపోతున్నారు. కొబ్బరికాయ కొట్టడానికి బోలెడు రాళ్లున్నాయి గానీ, ఎవరికి కొట్టాలో తెలియక నేను నిలబడిపోయాను.

అది శ్రావణమాసం. నాకు మొదటి ఏడు మంగళగౌరి నోము. అంతకు ముందు మంగళవారమే శనగలు నానబోసి, ఇరుగింటికీ పొరుగింటికీ తిరిగి ముత్తైదువలకు వాయనాలు ఇచ్చి, కాళ్లు పీకి పడుకున్నాను. ఆ సంగతి మనసులో పెట్టుకుని కాబోలు, ఆయన ఒక బండ దగ్గర ఆగి, "ఇదిగో, ఇక్కడ నీ గురించే రాశాడు" అన్నారు.

నిజమేనండీ! తొమ్మిదో శాసనంలో ఆ మహారాజు ఆడవాళ్ల ప్రసక్తి తెచ్చాడు. జబ్బు చేసినప్పుడు, కొడుకు పెళ్లికి, కూతురి పెళ్లికి, పురుడు వచ్చినప్పుడు, ప్రయాణానికి బయల్దేరేటప్పుడు జనం రకరకాల మంగళకార్యాలు చేస్తారనీ, అందులోనూ ఆడవాళ్లు చేసేవి మరీ ఎక్కువనీ, అవి పస లేని చిల్లర తంతులనీ ఆయన అభిప్రాయం. ఇరవై రెండు వందల ఏళ్ల కిందట, మనకు జవాబు చెప్పుకునే అవకాశం లేకుండా, రాతి మీద చెక్కించి పెట్టాడు.

అది మొదలు మా ఇంట్లో ఏ పండగ వచ్చినా అదే పాట. నేను గంధం తీస్తున్నా, తోరాలకు పసుపు రాస్తున్నా పేపరు చాటు నుంచి, "తొమ్మిదో శాసనం!" అని ఒక కేక. ముప్పై ఏళ్లకు పైగా విన్నాను.

ఆయన రిటైరయ్యాక పుస్తకాలన్నీ ఇంటికి చేరాయి. దుమ్ము దులిపే పని నాది కనుక, దులుపుతూ దులుపుతూ కొన్ని చదివాను కూడా. చదివితే తెలిసింది, మావారు నాకు సగం శాసనమే చెప్పారని! మిగతా సగంలో, ఆ కార్యాలు చేయవలసినవేననీ, కాకపోతే వాటికి ఫలం తక్కువనీ అన్నాడు. ఎక్కువ ఫలం ఇచ్చే మంగళకార్యం వేరే ఉందట. దాసులనూ పనివాళ్లనూ సరిగా చూడడం, పెద్దలను గౌరవించడం, జీవహింస మానడం, బ్రాహ్మణులకూ శ్రమణులకూ దానం చెయ్యడం. ఈ మాట తండ్రి చెప్పవచ్చు, కొడుకు చెప్పవచ్చు, అన్నదమ్ములు చెప్పవచ్చు, ఆఖరికి పొరుగువాళ్లయినా చెప్పవచ్చునట. పొరుగువాళ్లకు అలాంటి అనుమతి ఇస్తే ఏమవుతుందో ఆ మహారాజుకు తెలియదు పాపం!

అసలు ఆయన ఇవన్నీ ఎందుకు చెక్కించాడు? చిన్నప్పుడు మనమంతా చదువుకున్నదే. కళింగ యుద్ధం. క్రీస్తుకు పూర్వం 261 ప్రాంతం. లక్షమంది చచ్చిపోయారనీ, లక్షా యాభై వేలమందిని ఊళ్లు వదిలించి పట్టుకుపోయారనీ, మిగతా రకాలుగా పోయినవాళ్లు ఇంకెన్నో రెట్లనీ తన పదమూడో శాసనంలో తనే ఒప్పుకున్నాడు. గెలిచిన రాజు పశ్చాత్తాపపడుతున్నానని రాతి మీద రాయించడం ఎక్కడైనా ఉందా? ఆ తరవాతే ధర్మం, ధర్మం అని పట్టుకున్నాడు. తన వంటింట్లో కూరల కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. అది రెండు నెమళ్లకూ ఒక లేడికీ దిగింది. ముందు ముందు అవీ ఉండవని చెప్పాడు. (వంటవాళ్ల అవస్థ ఏమిటో మాత్రం రాయలేదు!) తల్లిదండ్రుల మాట వినాలి, నిజం చెప్పాలి అని ఊరూరా భేరి మోగించి చాటించమన్నాడు. అదీ ఎర్రగుడి బండల మీదే ఉంది. ధర్మం నడుస్తోందో లేదో చూడడానికి అధికారులను పెట్టాడు. వాళ్లు తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల అంతఃపురాల్లోకి కూడా వెళ్లేవారు. ఆడవాళ్ల వ్యవహారాలకు వేరే అధికారులు.

ఇదంతా చదివినప్పుడు, రాజులు మతం పుచ్చుకోవడమూ మానడమూ వాళ్ల గొడవ, మన వంటింటి దాకా ఎందుకు వస్తుందిలే అనుకున్నాను. రెండేళ్ల కిందట వచ్చింది.

మా అబ్బాయి తన ఆఫీసులో పనిచేసే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. మాచర్ల పిల్ల. బాగా చదువుకుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. వాళ్లది క్రైస్తవ కుటుంబం.

దాచుకోవడం ఎందుకు, రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. మా అబ్బాయితో మూడు నెలలు సరిగా మాట్లాడలేదు. మావారు, "కాపురం చేసేది వాళ్లు" అని ఒక్క ముక్క అని ఊరుకున్నారు. రిజిస్టరు పెళ్లి అయింది. హైదరాబాదులో అందరం ఒకే ఇంట్లో ఉండాలి. శ్రావణమాసం ముంచుకొస్తోంది. వరలక్ష్మీ వ్రతానికి మా ఆడపడుచూ, తోటికోడళ్లూ, పేటలోని ముత్తైదువలూ అంతా వస్తారు. కొత్త కోడలిని చూస్తామంటారు.

ఒక మధ్యాహ్నం పాలపద్దు పుస్తకం వెనక పేజీలో కూర్చుని నియమాలు రాశాను. శుక్రవారం తలంటుకుని దీపం పెట్టాలి. బొట్టు లేకుండా గుమ్మం దిగకూడదు. చర్చికి నెలకు ఒక్కసారి వెళితే చాలు. వ్రతం రోజున నా పక్కన పీట మీద కూర్చోవాలి. ఇలా ఏడు రాశాను. ఏడోది, చుట్టాలు ఎవరైనా అడిగితే పుట్టింటివాళ్ల సంగతి ఎత్తకూడదు.

మావారు కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. "శాసనాలా? ఎన్ని?"

"ఏడు."

"అశోకుడివి పధ్నాలుగు. ఇంకో ఏడు రాయి మరి" అని లేచి వెళ్లిపోయారు. పోతూ పోతూ ఒక పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టారు.

అది ఇంగ్లండు చరిత్ర. ఎనిమిదో హెన్రీ తన పెళ్లి గొడవలో పోపుతో తెగతెంపులు చేసుకుని 1534లో దేశంలోని చర్చికి తానే పెద్దనన్నాడు. ఆయన పోయాక కొడుకు ఎడ్వర్డు వచ్చి దేశాన్ని పూర్తిగా ప్రొటెస్టెంటు చేశాడు. 1553లో పెద్ద కూతురు మేరీ వచ్చి మళ్లీ కేథలిక్కు చేసింది. 1558లో చిన్న కూతురు ఎలిజబెత్తు వచ్చి మళ్లీ తిప్పింది. ఒక ఇంట్లోని తండ్రీ బిడ్డల పట్టుదలలు, దేశమంతటి ప్రార్థన పాతికేళ్లలో ఇన్నిసార్లు మారింది. మేరీ ఏలిన ఐదేళ్లలోనే సుమారు 280 మందిని మతం పేర సజీవంగా తగలబెట్టారు. అందులో ఆడవాళ్లూ ఉన్నారు. మన దేశంలో మాత్రం? 1564లో అక్బరు జిజియా పన్ను తీసేస్తే, 1679లో ముని మనవడు ఔరంగజేబు మళ్లీ వేశాడు. పైవాడి మనసు మారినప్పుడల్లా కిందివాళ్లు తమ దేవుణ్ణి ఎక్కడ దాచుకోవాలో వెతుక్కోవాలి కాబోలు.

చదివి పుస్తకం మూసేశాను. నా ఏడు నియమాలు మాత్రం చింపలేదు. ఇంగ్లండు రాణికీ నాకూ పోలికేమిటి? నేను ఎవరినీ తగలబెట్టడం లేదు కదా!

ఇంతలో వియ్యాలవారు మాచర్ల రమ్మని పిలిచారు. వెళ్లక తప్పలేదు. మా వియ్యపురాలు, "వదినగారూ, మీకు వేరే గిన్నెల్లో వండించాను" అని కొత్త స్టీలు గిన్నెలు చూపించింది. అడగకుండానే అంత ఆలోచించిందే అని ఒక మూల అనిపించింది. మూతి ముడుచుకునే తిన్నాను.

మర్నాడు దగ్గరే కదా అని అందరం విజయపురి వెళ్లి లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూడబోయాం. ఇక మావారిని పట్టేవాళ్లు లేరు. ఆ నీళ్ల కింద ఒక రాజధాని ఉందనీ, సాగర్ ఆనకట్టలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి దొరికినట్టు పైకి తెచ్చి ఈ కొండ మీదా అనుపులోనూ మళ్లీ కట్టారనీ లాంచీలోనే పాఠం మొదలుపెట్టారు. కొండ ఎక్కాక మహాచైత్యం ముందు నిలబెట్టి చెప్పారు.

మూడో శతాబ్దంలో అక్కడ ఇక్ష్వాకులు ఏలారు. వాశిష్ఠీపుత్ర శాంతమూలుడు పరమ వైదికుడు. (తల్లి వంశం పేరు ముందు పెట్టుకున్నాడు చూశారా!) అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడు. ఆయన దేవుడు మహాసేనుడు, అంటే మన కుమారస్వామి. బంగారమూ, లక్ష ఆవులూ, లక్ష నాగళ్లూ దానం చేశాడని రాశారు. ఆయనకు సొంత చెల్లెలు శాంతిశ్రీ. ఆవిడ బౌద్ధురాలు. అన్న కొడుకు వీరపురుషదత్తుడి ఆరో ఏట ఈ మహాచైత్యాన్ని కట్టించి, స్తంభాలు నిలబెట్టింది ఆవిడే. ఆ మేనల్లుడికి తన కూతురినే ఇచ్చింది కూడా. ఇంకో మేనత్త కూతుళ్లు కూడా అతని రాణులే. వాళ్లూ స్తంభాలు ఎత్తించారు. మేనరికాలు మన దగ్గర ఎంత పాతవో చూసుకోండి. బోధిశ్రీ అని ఇంకో ఇల్లాలు, సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. పక్కనే నది ఒడ్డున రాజుగారి యజ్ఞవాటిక, అశ్వమేధం చేసి స్నానం చేసిన రాతి కొలను!

మా కోడలు అంతా విని, "అన్నగారు యజ్ఞాలు చేస్తుంటే ఆవిడ వేరే చోటికి వెళుతోంది కదా. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదా మామయ్యా?" అని అడిగింది.

"అన్నారేమోనమ్మా! రాతి మీద మాత్రం చెక్కించలేదు" అన్నారాయన.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నా శాసనం నా చేతిసంచిలోనే ఉంది.

"ఇంకో విశేషం విను" అని ఆయన అందుకున్నారు. బుద్ధుడి కోసం ఎత్తించిన ఆ స్తంభాల మీద శాంతిశ్రీ తన అన్న చేసిన యజ్ఞాలన్నీ పేరు పేరునా, గర్వంగా రాయించిందట. తనకు నచ్చని దేవుడని దాటెయ్యలేదు. అంతేకాదు, ఆ స్తంభాలు ఎత్తించిన పుణ్యం ఎవరికి చెందాలో కూడా అక్కడ రాశారు. తమ రెండు కులాలకూ, అంటే పుట్టింటికీ మెట్టినింటికీ, గతించినవాళ్లకూ ఇప్పుడున్నవాళ్లకూ రాబోయేవాళ్లకూ అని.

రెండు ఇళ్లకూ!

నా ఏడో నియమం ఏమిటో మీకు చెప్పాను కదా. పదిహేడు వందల ఏళ్ల కిందట రాణివాసపు ఆడది రాతి మీద పుట్టింటినీ మెట్టినింటినీ పక్కపక్కన నిలబెట్టింది. నేను పాలపద్దు పుస్తకంలో ఒక పిల్లకు పుట్టిల్లు కొట్టేశాను. మొన్న రాత్రి నా కోసం కొత్త గిన్నెలు కొనుక్కొచ్చిన ఆవిడను లేనట్టే చేశాను. నేను మాత్రం పెళ్లయి ఇన్నేళ్లయినా మా అమ్మ చెప్పిన పద్ధతిలోనే తోరం కడతాను. "మా పుట్టింట్లో ఇలా కాదు" అని మా అత్తగారితో ఎన్నిసార్లు వాదించలేదూ?

తిరుగు లాంచీలో సంచిలోంచి ఆ కాగితం తీశాను. కృష్ణలో వేస్తే బాగుండును గానీ, అంత సినిమా పని చేతకాదు. మడిచి, వేరుశనక్కాయలు తిన్న పొట్టు అందులో పోశాను.

వ్రతం రోజు వచ్చింది. కోడలు పొద్దున్నే వచ్చి, "నేనేం చెయ్యను అత్తయ్యా?" అంది. ఏం చెప్పాలో నాకు నిజంగా తెలియలేదు. "నీకేం చెయ్యాలనుంటే అది చెయ్యి తల్లీ" అన్నాను. గుమ్మానికి మామిడాకులు కట్టింది. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది, పూలూ పళ్లూ అందించింది. పీట మీద కూర్చోలేదు. నేను కూర్చోమనలేదు. మనలేదన్నది నిజమే గానీ, కూర్చుంటే ఎంత బాగుండును అనుకున్నదీ నిజమే.

అందరూ హాల్లో ఉండగా మా ఆడపడుచు, "కోడలిది ఏ ఊరు వదినా? వాళ్లేమిట్లు?" అంది. ఆవిడకు తెలియక కాదు, నా నోటితో వినాలని.

"మాచర్ల. వాళ్లది క్రైస్తవ కుటుంబం. వాళ్లమ్మ చాలా మంచి మనిషి" అన్నాను.

గొంతు వణికిందేమో తెలియదు. హాల్లో ఒక్క నిమిషం సీలింగు ఫ్యాను చప్పుడే వినిపించింది. ఒకావిడ చేతిలోని పళ్లెం కింద పెట్టింది. ఇంకొకావిడ గబగబా, "అయితే క్రిస్మసుకి మాకు కేకు పంపాలమ్మాయ్" అంది. మా ఆడపడుచు ఆ తరవాత మా ఇంటికి రాలేదు. ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడుతుంది. వస్తుందిలే అనుకుంటున్నాను. ఆవిడకూ మూడు నెలలు కాకపోతే మూడేళ్లు పట్టవచ్చు.

ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లాలో అశోకుడి స్తంభం ఒకటుంది. పట్టాభిషేకమయ్యాక ఇరవై ఏడేళ్లకు చెక్కించిన మాటలు దాని మీద ఉన్నాయి. అధికారులను పెట్టి, ఆజ్ఞలు వేసి, ఫలానా జంతువులను చంపవద్దని కట్టడి చేసి, అన్నీ అయ్యాక ఆయన తేల్చిందేమిటంటే, మనుషుల్లో ధర్మం పెరగడానికి రెండు దారులున్నాయి, ఒకటి కట్టడి, ఒకటి నచ్చజెప్పడం, కట్టడి వల్ల అయ్యేది కొంచెమే అని. ఇతరుల మతాన్ని కించపరిచేవాడు తన మతానికే చెరుపు చేస్తాడనీ, నోరు అదుపులో ఉంచుకోవాలనీ పన్నెండో శాసనంలో అంతకు ముందే చెప్పాడు. అంత రాజ్యమూ చేతిలో ఉన్నవాడికి అది తెలుసుకోవడానికి అన్నేళ్లు పట్టింది. ఆయన పోయిన యాభై ఏళ్లకు ఆ వంశమే లేకుండా పోయింది. ఆ లిపి చదివేవాళ్లూ లేకుండా పోయారు. 1837లో ప్రిన్సెప్ అనే ఇంగ్లీషాయన కూడబలుక్కుని చదివేదాకా ఆ రాళ్లు మూగవే. ఎర్రగుడి రాళ్లయితే 1920ల చివరిదాకా పండితుల కంటబడనే లేదు. పెళ్లిళ్లకూ పురుళ్లకూ ఆడవాళ్లు చేసే వేడుకలు మాత్రం ఒక్క ఏడూ ఆగినట్టు లేవు సుమండీ!

ఇప్పుడు ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉప్మా ఏడింటికల్లా అయిపోతుంది, కోడలు ప్రార్థనకు వెళ్లాలి కనుక. అందరం ఒక్కటైపోయామని చెప్పను. తీర్థం ఇస్తున్నప్పుడు ఆ పిల్ల చెయ్యి చాపకుండా పక్కకు జరిగితే నాకు ఇప్పటికీ చివుక్కుమంటుంది. నేను క్రిస్మసు రోజున వాళ్ల చర్చి గుమ్మం దాకా వెళ్లి లోపలికి వెళ్లలేకపోయినప్పుడు ఆ పిల్లకూ అనిపించే ఉంటుంది. ఇద్దరం ఆ మాట ఎత్తం.

మొన్న శ్రావణంలో మళ్లీ శనగలు నానబోస్తుంటే పేపరు చాటు నుంచి, "తొమ్మిదో శాసనం!" అని కేక వినిపించింది.

ఈసారి నేను ఊరుకోలేదు. "ఏమండీ, ఆ అశోకుడి రెండో రాణి కారువాకి పేర ఒక శాసనం ఉంది, చదివారా? ఆవిడ ఇచ్చిన మామిడితోటలూ, దానశాలలూ అన్నీ ఆవిడ పేరనే లెక్క రాయమని అధికారులకు మహారాజు హుకుం. మన పేట రామాలయంలో ఫ్యాను నా చీటీ డబ్బుతో కొన్నది. దాని రెక్కల మీద ఎవరి పేరుందో ఒకసారి వెళ్లి చూసి రండి" అన్నాను.

పేపరు కిందికి దిగింది. వంటింట్లోంచి మా కోడలి నవ్వు వినిపించింది.

మావారు సాయంత్రం పెయింటరు కోసం వెళ్లారు. రెక్క మీద చోటు తక్కువట, ఇద్దరి పేర్లూ పట్టవంటున్నాడట. చూడాలి.